చెక్కిళ్ళ తెలుపు: తెలుగు కావ్యముల గర్భిణీవర్ణనలో వ్యాధిచ్ఛాయలు

మహాకావ్యమునకు విధింపబడిన అష్టాదశవర్ణనములలో కుమారోదయ మొకటి. కుమారుడు ఉదయింపవలెనన్నచో తల్లి గర్భము ధరింపవలెను గనుక, ఆ వర్ణనమునకు ముందుమెట్టుగా గర్భిణీవర్ణనము మన కావ్యములలో స్థిరపడినది. ముఖము తెల్లబాఱుట, నడక మందగించుట, అన్నము సహింపకుండుట, మన్ను రుచించుట, చూచుకములు నల్లబడుట, నూగారు స్ఫుటమగుట, వళులు విరియుట, నడుము నిండుట - ఈ యెనిమిది లక్షణములును సంస్కృతమునుండి తెలుగునకును, ఒక తెలుగు కవినుండి మఱియొక తెలుగు కవికిని వారసత్వముగా వచ్చినవి. కథానాయిక మారును, కులము మారును, యుగము మారును. లక్షణములు మాత్రము మారవు. ఇట్టి పద్యములకడ సాధారణముగా వ్యాఖ్యాతలు అలంకారమును పేర్కొని, ఇవి దౌహృదలక్షణములని యొక్కమాట వ్రాసి ముందునకు సాగుదురు. తరగతిగదులలో మేమును అట్లే సాగుచున్నాము.

ఆ యొక్కమాటకడ ఆగి చూడవలెనని ఈ వ్యాసమున మా ప్రయత్నము. ఈ యెనిమిదింటిలో గర్భమునకు సహజములైన వేవి? గర్భమును చిక్కున పడవేయు వ్యాధులకు చిహ్నములైన వేవి? కవి ఈ రెంటిని ఒకే వరుసలో, ఒకే సౌందర్యదృష్టితో చెప్పినపుడు పాఠకుని మనస్సున ఎట్టి సంస్కారము నిలుచును? ఈ ప్రశ్నలు సాహిత్యమునకు వెలుపలివి కావు. కావ్యహేతువులను చెప్పుచు మమ్మటుడు శక్తితోపాటు లోకశాస్త్రకావ్యాదుల పరిశీలనమువలన కలుగు నైపుణ్యమును గూడ చేర్చినాడు. క్షేమేంద్రుడు కవి పరిచయము చేసికొనదగిన శాస్త్రములలో వైద్యమును లెక్కించినాడు. కవికి కావలసినది విమర్శకునకు అక్కఱలేదనుట పొసగదు.

ముందుగా రెండు హద్దులు పెట్టుకొనుచున్నాము. కావ్యపాత్రలకు రోగనిర్ణయము చేయుట మా పని కాదు; దేవకికి ఫలానా జబ్బు కలదని తేల్చుట విమర్శ కాదు, వినోదము. పురాణములలో నేటి వైద్యమంతయు కలదని చూపుటయు మా పని కాదు. కవులు కన్ను తెఱచి చూచిన దేమి, ఆ చూచినదానిని ఏమి చేసినారు - ఇంతవఱకే మా విచారము.

1. కాళిదాసునినుండి పోతనవఱకు

ఈ వర్ణనసంప్రదాయమునకు ప్రసిద్ధమైన మూలము రఘువంశ తృతీయసర్గము. అందు గర్భవతియైన సుదక్షిణ శరీరము సడలుటచే నగలన్నిటిని ధరింపజాలదు. ఆమె ముఖము లోధ్రమువలె పాలిపోయి యుండును. ఆమె నోటి మట్టివాసనను ఏకాంతమున ఆఘ్రాణించి దిలీపుడు తృప్తి చెందడు. పాలిపోయిన ముఖము, సడలిన శరీరము, మట్టి తిన్న నోరు - మూడును ఒకేచోట కూడినవి. ప్రభాతకాలమున వెలవెలబోవు చంద్రుడును కొలదిపాటి నక్షత్రములును గల రాత్రితో ఆమెను పోల్చుటవలన ఆ పాలిపోవుట ఉదయమునకు సూచకమైనది. సూర్యవంశమున సూర్యు డుదయింపబోవుచున్నాడను ధ్వని యిందు కలదు. ఉపమ అందమైనదే. అయినను వైద్యుడు ఈ మూడు లక్షణములను ఒకచోట వినినచో ఆ యిల్లాలి కనుఱెప్పను దించి లోపలి యెఱుపును చూడక మానడు.

తెలుగున ఈ సంప్రదాయము అత్యున్నతశిఖరమును ముట్టినది పోతన దశమస్కంధమున. కృష్ణుని గర్భమున దాల్చిన దేవకిని వర్ణించు సీసమున పోతన కాళిదాసుమార్గమును విడిచినాడు. దేవకియందలి ఒక్కొక్క గర్భచిహ్నమునకు శత్రువులయందలి ఒక్కొక్క వినాశచిహ్నమును జతపఱచినాడు. వారి ముఖములు వెలవెలబోయినప్పుడు ఆమె ముఖమును వెలవెలబోవును. వారి కీర్తి మాసినప్పుడు ఆమె చూచుకములు నల్లనగును. వారికి ఆహారముపై కోరిక తప్పినప్పుడు ఆమెకును తప్పును. శ్రమయు జడతయు ఇరుపక్షములకు సమానముగా కలుగును. చివర మన్ను: పగవారు మన్నులో కలియుదురు, ఆమెకు మన్ను రుచించును. ఒకే క్రియ, ఒకే నామము. ఇరువైపుల అర్థము మాత్రము వేఱు.

ఇది కేవలము శబ్దచమత్కారము కాదు. గర్భిణీలక్షణములు రోగలక్షణములను పోలియున్నవని పోతన స్పష్టముగా గుర్తించెననుటకు ఈ పద్యమే సాక్ష్యము. భయముచే కృశించు శత్రువునకును గర్భభారముచే కృశించు తల్లికిని పైకి కనిపించు చిహ్నములు ఒకటియే యని ఆయన కనుగొన్నాడు. ఆ పోలికపైననే పద్యమంతయు నిలిచినది. తల్లి బాధ నిజము కానిచో శత్రువు బాధతో దానికి తూనిక కుదురదు. కాళిదాసు పాండిమను ప్రభాతకాంతిగా మార్చినాడు. పోతన దానిని పాండిమగనే యుంచి, దాని భారమును కంసునివైపునకు త్రోసినాడు. ఈ రెండు మార్గములకు గల భేదమును మన విమర్శకులు తగినంత పట్టించుకొనలేదని మా యభిప్రాయము.

దేవకి స్థితిని భాగవతకథనుండియే మఱికొంత తెలిసికొనవచ్చును. మూలభాగవతము ఆమె ఏటేట బిడ్డను కన్నదని చెప్పుచున్నది. ఆర్గురు శిశువులు పుట్టి కంసునిచే చంపబడినారు. ఏడవ గర్భము యోగమాయచే రోహిణియందు చేర్పబడినపుడు పురజనులు దేవకికి గర్భము పోయినదని వాపోయిరి. ఎనిమిదవ గర్భము కృష్ణుడు. భక్తుని దృష్టికి ఇది అవతారక్రమము. తల్లి దృష్టితో లెక్కించినచో ఇది సంవత్సరమున కొకటిగా ఎడములేక వచ్చిన ఎనిమిదవ చూలు, అంతకుముందటి గర్భము లోకమునకు గర్భస్రావముగనే తెలిసినది, పుట్టినవారిలో ఒక్కడును బ్రతికి లేడు, వాసము చెఱసాల. ఒక కాన్పుకు పిమ్మట మఱల గర్భము దాల్చుటకు కనీసము 24 నెలల యెడ ముండవలెనని నేడు ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. ఏలన తల్లిదేహమునందలి ఇనుపనిలువలు ఒక్క కాన్పుతో తఱిగిపోయి మఱల నిండుటకు కాలము పట్టును. పోతన దేవకికి కల్పించిన పాండిమ, శ్రమ, జడత, మృత్తికారుచి ఇట్టి కథాస్థితికి ఎంతయు ఉచితములు. కవి ఈ లెక్క వేసెనని మేము చెప్పము. సంప్రదాయసిద్ధములైన లక్షణములు ఈ కథలో మాత్రము సంప్రదాయమును మించి సత్యములైనవని చెప్పుచున్నాము. సుదక్షిణకు అవి ఆభరణములు. దేవకికి అవి అనుభవములు.

2. సహజమేది, వ్యాధి యేది

ఇపుడు ఎనిమిది లక్షణములను వైద్యదృష్టితో విభజింతము. చూచుకములు నల్లబడుట, నూగారు స్ఫుటమగుట, నడుము నిండుట, వళులు విరియుట - ఇవి కేవలము సహజములు. తొలినెలలలో అన్నము సహింపకుండుట, అనగా వేవిళ్ళు, చాలమందికి సహజము. కాని నీరైనను నిలువక నిరంతరము వాంతులై దేహము ఎండి బరువు తగ్గినపుడు అది వేవిళ్ళహద్దు దాటి చికిత్సచేయవలసిన వ్యాధి యగును. మిగిలినవి మూడు: పాండిమ, జడత, మన్ను తినుట. చిక్కంతయు వీనియందే కలదు.

గర్భమున రక్తములోని ద్రవభాగము 40 నుండి 50 శాతమువఱకు పెరుగును. ఎఱ్ఱకణముల రాశి 20 నుండి 30 శాతము మాత్రమే పెరుగును. కావున ఆరోగ్యవతియైన గర్భిణికి గూడ రక్తము కొంత పలుచబడును. ఈమేరకు కవులు చెప్పిన తెలుపు సహజమే. కాని గర్భకాలమంతటికి తల్లికి అదనముగా కావలసిన యినుము సుమారు 1 గ్రాము. ఆ యినుము ఆహారమునుండి రానిచో తల్లినిలువలనుండి వ్యయమగును. నిలువలు లేనిచో రక్తమే క్షీణించును. రక్తవర్ణద్రవ్యము, అనగా హీమోగ్లోబిన్, డెసిలీటరునకు 11 గ్రాములకు తగ్గినచో గర్భిణికి రక్తహీనత యనియు, 7 గ్రాములకు తగ్గినచో తీవ్రమైన రక్తహీనత యనియు వైద్యులందురు. అట్టి తల్లికి గుండెపై భారము పడును. నెలలు నిండకమున్నే కాన్పగుటకును, బిడ్డ తక్కువ బరువుతో పుట్టుటకును అవకాశము హెచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా, ఇతరులు తట్టుకొనగల కాన్పురక్తస్రావమును ఆమె తట్టుకొనలేదు.

మన్ను తినుట యీ రక్తహీనతకు తోబుట్టువు. ఇనుము కొఱవడినవారికి మన్ను, సుద్ద, బొగ్గు, పచ్చిబియ్యము వంటివానిపై రుచి పుట్టుట వైద్యులెఱిగిన విషయము. తిన్న మన్ను కడుపులో ఇనుము రక్తమునకు చేరకుండ అడ్డుపడును. నులిపురుగుల గ్రుడ్లను గూడ లోనికి చేర్పవచ్చును. అందుచే ఇది లోపమునకు ఫలమును, ఆ లోపమును పెంచు కారణమును గూడ.

ఇచ్చట మన ప్రాచీనవైద్యము చెప్పిన మాట యొకటి సాహిత్యవిద్యార్థులు తప్పక తెలిసికొనవలసినది. చరకసంహిత చికిత్సాస్థానమున పాండురోగమును ఐదు విధములుగా విభజించినది. అందైదవది మృద్భక్షణమువలన కలుగునది. మన్ను తినుటకును ముఖము పాలిపోవుటకును గల సంబంధమును వైద్యశాస్త్రము ఇట్లు పేరు పెట్టి చెప్పినది. కావ్యశాస్త్రము ఆ రెండు లక్షణములను ఒకే పద్యమున ప్రక్కప్రక్కనే నిలిపినది; కాని వాని నడుమ సంబంధమును చెప్పలేదు. చెప్పవలసిన పని కవికి లేకపోవచ్చును. వ్యాఖ్యాతకు మాత్రము కలదు. కాళిదాసు శ్లోకమునకును పోతన పద్యమునకును దోహదమని యొక్కమాట వ్రాయుటకంటె, చరకుని ఐదవ పాండురోగమును జ్ఞప్తికి తెచ్చుట సార్థకమైన వ్యాఖ్య యగును.

దౌహృద మను భావమును వైద్యగ్రంథములనుండియే వచ్చినది. గర్భస్థశిశువు హృదయము వ్యక్తమైనపుడు తల్లి రెండు హృదయములు గలదగుననియు, అందుచే ఆమె కోరిక శిశువు కోరికయే యనియు, దానిని త్రోసివేసినచో శిశువునకు వైకల్యము కలుగుననియు సుశ్రుతుడు చెప్పినాడు. కారణవివరణము నేడు నిలువకపోవచ్చును. కాని గర్భిణి మాటను ఇంటివారు ఆలకింపవలెనను నియమము అందున్నది. కావ్యములు ఈ నియమములోని కోరికను గ్రహించినవి. ఆలకించుటను అంతగా గ్రహింపలేదు. ఉత్తరరామకథయే ఇందుకు తార్కాణము. సీత గంగాతీరతపోవనములను చూడగోరినది. ఆ కోరికయే ఆమెను అడవిలో విడుచుటకు మిషయైనది. దౌహృదము తీర్పబడినది, దౌహృదిని విడువబడినది. ఆమె మోసినది కవలగర్భము. రక్తహీనత, రక్తపుపోటు, అకాలప్రసవము - ఇవి కవలలను మోయు తల్లికి ఒంటిబిడ్డ తల్లికంటె మిక్కిలిగా సంభవించునని నేడు మన మెఱుగుదుము. తిక్కన నిర్వచనోత్తరరామాయణమును, కంకంటి పాపరాజు ఉత్తరరామాయణమును చదువునపుడు కరుణరసమునకు ఆలంబనము పరిత్యక్తయైన పత్ని మాత్రమే కాదు, ప్రమాదావస్థలోనున్న గర్భిణి యని గుర్తించినచో ఆ రసము మఱింత చిక్కనగును.

3. పాండిమకు మందు: ఒక తెలుగు సంబంధము

గర్భిణుల పాండిమనుగూర్చి 20వ శతాబ్దిలో జరిగిన పరిశోధనకు మన దేశముతోను, మన భాషవారితోను గాఢసంబంధము కలదు. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్లవైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టలమిల్లులలో పనిచేయు పేదస్త్రీలకు గర్భకాలమున వచ్చు ఒక విధమైన రక్తహీనతను పరిశీలించినది. వారి రక్తకణములు సంఖ్యలో తగ్గి పరిమాణమున పెరిగియుండెను. ఇది ఇనుముచే నయమగునది కాదు. ఈస్టునుండి తీసిన సారము నిచ్చినచో వారు కోలుకొనుచున్నారని ఆమె 1931లో ప్రకటించినది. ఆ సారమందలి ద్రవ్యమేదో అప్పటికి తెలియదు. 1941లో పాలకూర ఆకులనుండి ఒక ద్రవ్యమును వేఱుచేసి, ఆకు అను నర్థము గల లాటిన్ పదమునుండి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టిరి. 1945లో దానిని కృత్రిమముగా తయారుచేసినది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలవారు. ఆ పరిశోధనకు నాయకుడు 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. 1948లో ఆయన మరణించెను. గర్భధారణకు ముందునుండియు ఈ ద్రవ్యము నిచ్చినచో శిశువు వెన్నునాడీనాళమున కలుగు లోపములు చాలవఱకు నివారింపబడునని 1991లో ప్రకటింపబడిన పరీక్షఫలితములు నిరూపించినవి. నేడు లోకమంతట గర్భిణులకు ఇచ్చు మాత్రలలో ఇనుముతో పాటు నుండునది ఇదియే.

దేవకి ముఖము వెలవెలబోవుటను పాఠము చెప్పు తెలుగు ఉపాధ్యాయుడు, ఆ తెలుపునకు విరుగుడు కనుగొన్నవారిలో ఒకడు తెలుగువాడని రెండు వాక్యములు చెప్పినచో పాఠము దారి తప్పదు.

లోధ్రశబ్దచరిత్ర గూడ గమనింపదగినది. కాళిదాసునకు అది పాండిమకు ఉపమానము. తెలుగున అది లొద్దుగచెట్టు. దాని పట్ట స్త్రీరోగములలో ఔషధము. 1928లో గృహలక్ష్మి పత్రికను స్థాపించిన కె. ఎన్. కేసరి స్త్రీలకై తయారుచేసిన మందునకు లోధ్ర యనియే పేరు. కావ్యమున రోగచ్ఛాయకు సౌందర్యము నిచ్చిన పదము వైద్యమున మందు పేరైనది. ఒకే పదమును కవియు వైద్యుడును ఎట్లు వేఱువేఱు పనులకు వాడుకొందురో చూపుటకు ఇంతకంటె మంచి యుదాహరణము దొరకదు.

4. కావ్యము చెప్పని వ్యాధి

కావ్యగర్భిణికి పాండిమ కలదు, వాపు లేదు. ఇది చాల ముఖ్యమైన లోపము. గర్భకాలమున తల్లులను హరించు వ్యాధులలో రక్తపుపోటుచే వచ్చునది మిక్కిలి భయంకరమైనది. 20 వారములు నిండిన పిమ్మట రక్తపుపోటు 140/90కి చేరుట, మూత్రమున మాంసకృత్తు పడుట, ముఖమును చేతులును ఉబ్బుట, తలనొప్పి, చూపు మసకబాఱుట, కడుపు పైభాగమున నొప్పి - ఇవి దాని చిహ్నములు; ముదిరినచో మూర్ఛలు వచ్చును. ఈ మూర్ఛకు కావ్యభాషలో మాట లేదు. ఇంటిభాషలో కలదు: గుఱ్ఱపువాతము. మంత్రసానులు, ముసలమ్మలు ఈ మాటను ఎఱుగుదురు, ప్రబంధకవు లెఱుగరు. వ్యాధిని వాతమునకు అంటగట్టిన ఈ పేరు కారణమును చెప్పుటలో నేటి శాస్త్రమునకు సరిపడదు. కాని ఇదియొక ప్రత్యేకవ్యాధి యని, గర్భిణికి వచ్చు మూర్ఛ ఇతరమూర్ఛలవంటిది కాదని జనులు కనిపెట్టిరనుటకు ఆ పేరే నిదర్శనము. సుశ్రుతుడును గర్భపాతముచే, అతిరక్తస్రావముచే వచ్చు అపతానకము అసాధ్యమని చెప్పినాడు. నేడది అసాధ్యము కాదు. 33 దేశములలో సుమారు 10,000 మంది స్త్రీలపై జరిగి 2002లో ప్రకటింపబడిన పరీక్షలో, మెగ్నీషియం సల్ఫేటు ఇచ్చినవారిలో ఈ మూర్ఛలు సగమునకుపైగా తగ్గినవి.

ఈ వ్యాధి కావ్యములలో లేకుండుటకు కారణము కవుల అజ్ఞానమే కానక్కఱలేదు. గర్భిణీవర్ణనము కుమారోదయమునకు అంగము. కుమారుడు నిశ్చయముగా పుట్టును. కావున తల్లికి ప్రమాదము అప్రస్తుతము. ముగింపు తెలిసిన కథలో తల్లి దేహము శకునములు వ్రాసిన పలకవంటిది. పాండిమ శకునమునకు పనికివచ్చును, మూర్ఛ పనికిరాదు. ఏ లక్షణము వర్ణనకు అర్హమను నిర్ణయము ఇట్లు ఫలమునుబట్టి జరిగినది గాని, తల్లినిబట్టి జరుగలేదు. సంప్రదాయముపై మా ప్రధానమైన అభ్యంతర మిదియే.

5. అపవాదములు

సంప్రదాయమున ఈ నియమమును దాటిన ఘట్టములును కలవు. నన్నయ ఆదిపర్వమున గాంధారి రెండేండ్లు గర్భము మోసి, కుంతికి కొడుకు పుట్టెనని విని, దుఃఖముచే కడుపుపై కొట్టుకొనును, మాంసపిండము పడును, వ్యాసుడు దానిని 101 భాగములుగా నేతికుండలలో నుంచును. ఈ పిండమును నేడు ముత్యాలగర్భమని పిలువబడు వ్యాధితో పోల్చి, ప్రాచీనులు దాని నెఱుగుదురని వాదించుట సులభము. ఆ వాదము నిలువదు: ముత్యాలగర్భము నీటిబుడగల గుత్తివలె నుండును, గాంధారి ప్రసవించినది ఇనుపగుండువలె గట్టిదని మూలభారతము చెప్పుచున్నది. ఈ ఘట్టము విలువ రోగనామమున లేదు. గర్భిణి మనోవేదన గర్భమునకు హాని చేయునని, ఉదరమునకు తగిలిన దెబ్బ అకాలపతనమునకు కారణమగునని కథ స్పష్టముగా చెప్పుటయందు దాని విలువ కలదు. ఈ రెండవ విషయమున వైద్యమునకును కథకును భేదము లేదు. కడుపుపై పడిన దెబ్బచే మాయ గర్భకోశమునుండి ముందుగనే విడివడవచ్చును.

పాల్కురికి సోమనాథుని బసవపురాణమున మాదాంబ మూడేండ్లు గర్భము మోయును. భారమును భరింపజాలక నందికేశ్వరునితో మొఱపెట్టుకొనును. గర్భము పెరుగక చిరకాలము కడుపున నిలుచు స్థితిని చరకుడు ఉపవిష్టకమనియు, ఎండి కృశించుదానిని నాగోదరమనియు పేర్కొన్నాడు; కావున మితిమీరిన గర్భకాలమను భావము మనవారికి క్రొత్త కాదు. నేటి లెక్కలో 42 వారములు దాటినచోనే అది ప్రమాదము. మూడేండ్లు పురాణకల్పన. కాని ఆ తల్లి మొఱ కల్పన కాదు. సోమనాథుడు మహిమను చెప్పబోవుచు గూడ, మోయుచున్నది ఒక స్త్రీ యని మఱవలేదు. ద్విపదలో మాటాడు తల్లి చంపూప్రబంధమున మాటాడకుండుట యాదృచ్ఛికమని మేము తలపము.

ద్విపదకును క్రిందిమెట్టుననున్నవని పండితులు చిరకాలము తలచిన స్త్రీల పాటలలో ఈ గొంతు ఇంకను స్పష్టముగా వినబడును. కౌసల్య వేవిళ్ళపాట అందులకు ప్రసిద్ధమైన ఉదాహరణము. 1991లో ప్రకటించిన ఆంగ్లవ్యాసమున వెల్చేరు నారాయణరావు ఈ రామాయణపుపాటలను పరిశీలించి, వీనియందు రాముని జన్మము అవతారమహిమగా కంటె ఇంటిలో జరుగు పురుడుగా కనిపించుననియు, కౌసల్య పడిన వేవిళ్ళకును నొప్పులకును ప్రాధాన్యము కలదనియు చూపినారు. దశరథుని యజ్ఞముకంటె కౌసల్య నొప్పులు పాడువారికి ముఖ్యములు. ఆ పాటలు పాడినవారు కన్నతల్లులు. ప్రబంధములు వ్రాసినవారు పురుషులు. ఒకే గర్భిణిని ఒకరు బయటినుండి చూచినారు, ఒకరు లోపలినుండి చెప్పినారు. చెక్కిళ్ళ తెలుపు బయటినుండి చూచువానికే కనిపించును. తన ముఖము తెల్లబాఱుట తల్లికి కనిపించదు, ఆమెకు తెలియునది అలసట.

6. ఆక్షేపమునకు సమాధానము

రసము ప్రధానమైన కావ్యమున రోగమును వెదకుట అరసికత్వమని కొందఱు ఆక్షేపింపవచ్చును. ఆ యాక్షేపము పూర్తిగా త్రోసివేయదగినది కాదు. పోతన సీసమును రక్తపరీక్షపత్రముగా చదివినచో పద్యము చచ్చును. కాని మా వాదము వేఱు. లక్షణముల సత్యము తెలిసినచో పద్యము బలపడునా, బలహీనపడునా అనునదే ప్రశ్న. దేవకి పాండిమ నిజమైన క్షీణత యని తెలిసిన పాఠకునకు, ఆ క్షీణతనుండియే శత్రుక్షయము పుట్టుచున్నదను భావము మఱింత గాఢముగా తగులును. సుదక్షిణ విషయమున మాత్రము ఎఱుక కొంత అలజడి కలిగించును; దిలీపుని తృప్తి ఆమె క్షీణతపై నిలిచినదని తోచును. సత్యము తెలిసినపుడు నిలుచు పద్యమును, అలజడిపడు పద్యమును వేఱుచేయుట విమర్శకు పనియే.

ఇంకను ఒక కారణము కలదు. పద్యములు తరగతిగదిలో ఆగవు. చూలాలు వెలవెలబోవుట సహజమే, మన్ను తినుట ముచ్చటయే, కాళ్ళకు నీరు దిగుట మామూలే అను మాటలు నేటికిని మన యిండ్లలో వినబడును. ఈ మాటలను కావ్యములే పుట్టించినవని మేము చెప్పజాలము. కాని వానికి పాండిత్యగౌరవ మిచ్చినవి కావ్యములే. 2015-16లో జరిగిన 4వ జాతీయ కుటుంబారోగ్యసర్వేలో దేశమున 15-49 ఏండ్ల గర్భిణులలో 50.4 శాతము మందికి రక్తహీనత కలదని తేలినది. 2019-21 నాటి 5వ సర్వేలో అది 52.2 శాతము. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలోను ఆ సర్వే నాటికి సగముమందికి పైగా ఉన్నారు. ఇనుము, ఫోలిక్ ఆమ్లము కల మాత్రలు ప్రభుత్వము ఉచితముగా నిచ్చుచున్నను ఇట్లున్నది. తెలుపును సౌందర్యముగా గాని సహజముగా గాని నేర్చిన కన్ను, దానిని వెంటనే రోగచిహ్నముగా చూడజాలదు. మా తరగతులలో పాఠము వినువారిలో సగముమందికి పైగా బాలికలే.

కావున వ్యాఖ్యానములకును, పాఠ్యగ్రంథములకును, నిఘంటువులకును మా సూచనలు మూడు. గర్భిణీవర్ణనములకు టీక వ్రాయునపుడు సహజలక్షణములను, వ్యాధిలక్షణములను వేఱుచేసి చూపవలెను. వేవిళ్ళు, గుఱ్ఱపువాతము, మాయ, ఉమ్మనీరు, నీళ్ళాడుట వంటి యింటిమాటలకు అర్థముతోపాటు నేటి వైద్యార్థమును గూడ నిఘంటువులు ఈయవలెను. గర్భస్రావమునకును గర్భపాతమునకును సుశ్రుతుడు నెలలనుబట్టి చేసిన భేదము వంటివానిని గూడ అందు నిలుపవలెను. కుమారోదయవర్ణనములను చెప్పునపుడు, వాని ప్రక్కన కౌసల్య వేవిళ్ళపాటను గూడ పాఠ్యముగా చేర్పవలెను. పోతన సీసమునకు క్రొత్తగా టీక వ్రాయువారు మన్ను అను పదముకడ శ్లేషను మెచ్చుకొనిన పిమ్మట, మృద్భక్షణమువలన పాండురోగము కలుగునని చరకుడు చెప్పినాడని ఒక్క వాక్యము చేర్చినచో ఈ పని మొదలైనట్లే.